మెట్ల పక్కన ఎర్ర డబ్బా

(హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఆదివారం సమావేశంలో ఫైర్ అలారం సర్వీస్ టెక్నీషియన్ ఒకరు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి.)

అందరికీ నమస్కారమండీ. వెనక వాళ్లకి మైక్ వినపడుతోందా? సరే. సెక్రటరీ గారు ఫోన్ చేసి "ఫైర్ సేఫ్టీ మీద ఒక గంట మాట్లాడండి" అన్నారు. గంట నావల్ల కాదు, వినడం మీవల్ల అసలే కాదు, పైగా అటు టిఫిన్ల వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని మిగతావన్నీ వదిలేసి ఒక్క వస్తువు గురించే చెప్తాను. మీ ప్రతి అంతస్తులో మెట్ల తలుపు పక్కన అరచేయంత ఎర్ర డబ్బా ఒకటి ఉంటుంది, మధ్యలో అద్దం, పక్కన గొలుసుకి వేలాడుతూ బుల్లి సుత్తి. మేము దాన్ని ఎంసీపీ అంటాం, మాన్యువల్ కాల్ పాయింట్. కొంతమంది బ్రేక్ గ్లాస్ అంటారు. ఇరవై ఏళ్లుగా వాటిని బిగిస్తున్నాను, విప్పుతున్నాను, తుడుస్తున్నాను.

ముందు మీరు చెప్పండి. అది పగలగొడితే ఏమవుతుంది?

(సభలోంచి: "నీళ్లు పడతాయి." "ఫైరింజన్ వస్తుంది." "కరెంటు పోతుంది.")

బాగుంది. మూడూ కావు. నీళ్ల సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఆ భయంతోనే సగం మంది చెయ్యి వెనక్కి తీసుకుంటారు, సోఫాలు తడిసిపోతాయని. సినిమాల్లో ఒకడు అలారం నొక్కగానే బిల్డింగంతా వాన కురుస్తుంది కదా, మామూలు బిల్డింగుల్లో అలా ఉండదండీ. సీలింగుకి ఉండే స్ప్రింక్లర్ ప్రతిదానికీ దాని సొంత గాజు బుడ్డి ఉంటుంది, లోపల ఎర్ర ద్రవం. అక్కడ వేడి 68 డిగ్రీలకి చేరితే ఆ బుడ్డి పగిలి ఆ ఒక్కదాంట్లోంచే నీళ్లు వస్తాయి. పక్క గదిలో ఉన్నదానికి ఆ సంగతే తెలియదు. మీరు ఎర్ర డబ్బా నొక్కారా లేదా అన్నది వాటికి అనవసరం.

ఇప్పుడు అసలు డబ్బా. నేను ఒకటి తెచ్చాను, ఇదిగో. ముందు వరసలో వాళ్లు పిల్లలకి ఇవ్వకండి, అయిపోతుంది. అందరూ ఏమనుకుంటారంటే లోపల ఒక బటన్ ఉంటుంది, దాన్ని ఎవరూ ఊరికే నొక్కకుండా పైన అద్దం మూతలా పెట్టారు, మనం మూత పగలగొట్టి బటన్ నొక్కాలి అని. నేనూ ఈ పనిలో చేరిన మొదటి వారం అలాగే అనుకున్నాను. పూర్తిగా తిరగేసి ఉంటుంది వ్యవహారం. అద్దం బటన్‌ని కాపాడటం లేదు, బటన్‌ని నొక్కి పట్టుకుని ఉంది. లోపల చిన్న స్విచ్, దానికి స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఎప్పుడెప్పుడు బయటకి వద్దామా అని చూస్తూ ఉంటుంది, అద్దం దాన్ని రానివ్వదు. అద్దం పోయిందా, స్విచ్ బయటకి తన్నుకొస్తుంది, అలారం మోగుతుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిస్తే లోపల లైటు వెలుగుతుంది కదా, తలుపు మూసి ఉన్నంతసేపూ అక్కడ ఒక బుడిపెని నొక్కి పట్టి ఉంచుతుంది, అదే పద్ధతి. అద్దమే ఫ్రిజ్ తలుపు అనుకోండి.

ఇలా తిరగేసి ఎందుకు చేశారంటే, పొగలో దగ్గుతూ పరిగెత్తే మనిషికి రెండో పని చెప్పకూడదు. అద్దం పగలగొట్టాక లోపల వేలు పెట్టి బటన్ ఎక్కడుందా అని వెతుకు, నొక్కు, నొక్కి పట్టుకో అంటే ఎవడు చేస్తాడు? పగలగొట్టు, పారిపో. అంతే. ఇంకో లాభం ఏమిటంటే పగిలిన అద్దం మళ్లీ అతుక్కోదు, కాబట్టి ఎవరో వచ్చి చాటుగా "ఏమీ లేదులే" అని ఆపేయడం కుదరదు. ఎక్కడ నొక్కారో తర్వాత వెళ్లి చూసినా తెలుస్తుంది.

సుత్తి గురించి కూడా చెప్పాలి. చాలా డబ్బాల్లో సుత్తి అవసరమే లేదు. ఈ అద్దం చూడండి, మధ్యలో సన్నగా గీత గీసి ఉంటుంది, బొటనవేలితో గట్టిగా ఒత్తితే ఆ గీత దగ్గరే టక్కున విరుగుతుంది. పైన పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది కాబట్టి గాజు పెంకులు చేతికి గుచ్చుకోవు. కొత్త మోడళ్లలో గాజే లేదు, ప్లాస్టిక్ రేకు, నొక్కితే లోపలికి జారి కూర్చుంటుంది, పసుపు పట్టీ కనపడుతుంది, తర్వాత మేము తాళంచెవి పెట్టి తిప్పితే మళ్లీ పైకొస్తుంది. మీ బి బ్లాక్‌లో అవే ఉన్నాయి. ఎ బ్లాక్‌లో పాత గాజువి.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కదా. ఎక్కడ, డల్లాసా? అక్కడ వాళ్ల అపార్ట్‌మెంట్ వరండాలో చూసే ఉంటారు, డబ్బా ఎర్రదే కానీ అద్దం ఉండదు, తెల్లటి పిడి ఉంటుంది, కిందికి లాగాలి. దాన్ని పుల్ స్టేషన్ అంటారు. మనం, ఇంగ్లండు వాళ్లూ నొక్కుతాం, వాళ్లు లాగుతారు. కొన్నిట్లో ముందు లోపలికి నెట్టి ఆ తర్వాత లాగాలి, అంటే బ్యాగు తగిలో భుజం తగిలో మోగిపోకుండా రెండు పనులు పెట్టారు. ఒకసారి లాగితే పిడి కిందే ఉండిపోతుంది, తాళంచెవితో తెరిచి సరిచేస్తేనే పైకి లేస్తుంది. ఎత్తు కూడా లెక్కే, నేల నుంచి 42 అంగుళాలకి తక్కువ కాకుండా 48కి మించకుండా పెట్టాలి, చక్రాల కుర్చీలో ఉన్న మనిషికీ అందాలి కదా. మన దగ్గర టైల్స్ మేస్త్రీ ఎక్కడ ఖాళీ వదిలితే అక్కడ పెట్టిన బిల్డింగులు నేను చూశాను. అది వేరే కథ.

మరి స్విచ్ తన్నుకొచ్చాక ఆ కబురు కింద సెక్యూరిటీ గది దాకా ఎలా వెళ్తుంది? తీగ మీద. ఇక్కడ నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటి ఉంది, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మామూలు కాలింగ్ బెల్ అయితే నొక్కినప్పుడే కరెంటు పారుతుంది. మధ్యలో తీగ తెగిపోతే ఎవరికీ తెలియదు, చుట్టాలొచ్చి గుమ్మం ముందు నిలబడితే గాని. ఫైర్ అలారంలో ఆ పప్పులు ఉడకవు. అందుకని ప్యానెల్ నుంచి, అంటే సెక్యూరిటీ గదిలో అలారంని నడిపించే పెట్టె నుంచి, 24 వోల్టుల మీద చాలా కొంచెం కరెంటు రాత్రీ పగలూ ఆ తీగలో తిరుగుతూనే ఉంటుంది, తీగ చిట్టచివర ఒక రెసిస్టర్ పెడతాం, కరెంటుని కొంచెమే పోనిచ్చే బుల్లి ముక్క, కరెంటు అక్కడిదాకా వెళ్లి తిరిగొస్తుంది. ప్యానెల్ దాన్ని చూస్తూ ఉంటుంది. కొంచెం వస్తోందా, అంతా బాగుంది. అసలు రావడం లేదా, ఎక్కడో తీగ తెగింది, పసుపు లైటు, ఫాల్ట్. ఉన్నట్టుండి ఎక్కువైందా, ఎవరో డబ్బా నొక్కారు, ఎందుకంటే డబ్బాలో ఇంకో రెసిస్టర్ ఉంది, స్విచ్ బయటకి రాగానే అది లైన్లోకి వచ్చి కరెంటుకి దగ్గరి దారి చూపిస్తుంది. ఎర్ర లైటు.

మన కాలనీల్లో గూర్ఖా తిరిగేవాడు గుర్తుందా, రాత్రి గంటకోసారి ఈల వేసి కర్ర చప్పుడు చేస్తూ? ఆ ఈల దొంగ కోసం కాదు, మనకోసం. వినపడితే "ఆ, మెలకువగానే ఉన్నాడు" అని అటు తిరిగి పడుకుంటాం. ఒక రాత్రి వినపడకపోతే అప్పుడు లేచి కూర్చోవాలి. ఆ చిన్న కరెంటు గూర్ఖా ఈల. మీ ప్యానెల్ మీద పసుపు లైటు వెలిగిందంటే ఈల ఆగిపోయిందని అర్థం, దాని మీద స్టిక్కర్ అంటించి దాచడం కాదు చెయ్యాల్సింది. (నవ్వులు) నవ్వకండి సార్, మీ ప్యానెల్ మీదే ఉంది స్టిక్కరు, పోయినేడు నేనే పీకాను.

ఇది పాత పద్ధతి, ఎ బ్లాక్‌ది. ఇందులో ఒక లైను మీద అయిదారు డబ్బాలుంటే ప్యానెల్‌కి "ఈ లైన్లో ఎవరో నొక్కారు" అని తెలుస్తుంది తప్ప ఎవరు అన్నది తెలియదు. బి బ్లాక్‌లో కొత్తది, అడ్రసబుల్. ఒక్కో డబ్బాకి ఒక్కో నంబరు, తీగ ప్యానెల్ నుంచి బయల్దేరి అన్ని డబ్బాలూ తిరిగి మళ్లీ ప్యానెల్‌కే వస్తుంది కాబట్టి ఒకచోట తెగినా రెండో వైపు నుంచి పలకరించొచ్చు. ప్యానెల్ వరసగా హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ అడుగుతూ ఉంటుంది. నొక్కిన డబ్బా పేరు తెర మీద వస్తుంది, "3వ అంతస్తు, తూర్పు మెట్లు" అని. ఆ పేరు మేము టైపు చేసిందే సుమండీ, యంత్రానికి తూర్పూ పడమరా తెలియవు.

ఇది కంప్యూటర్లతో వచ్చిన కొత్త తెలివేమీ కాదు. 1852లో బోస్టన్‌లో మొదలుపెట్టారు ఈ ఏర్పాటు. విలియం చానింగ్ అని వైద్యం చదివినాయన, మోజెస్ ఫార్మర్ అని టెలిగ్రాఫ్ పని తెలిసిన ఇంజనీరు, ఇద్దరూ కలిసి ఊరంతా వీధుల్లో డబ్బాలు పెట్టి టెలిగ్రాఫ్ తీగలతో కలిపారు. డబ్బా తెరిచి పిడి తిప్పితే లోపల పళ్ల చక్రం తిరిగి ఆ డబ్బా నంబరుని టకటకమని ఆఫీసుకి కొట్టేది. అంటే అడ్రసు చెప్పే డబ్బా అప్పుడే ఉంది, కంప్యూటర్ లేకుండానే. కంగారులో జనం ఎవరికి తోచిన వేగంతో వాళ్లు తిప్పేస్తుంటే నంబరు కలగాపులగం అయ్యేది, అందుకని తర్వాత గడియారంలా స్ప్రింగు పెట్టారు, ఒకసారి లాగి వదిలేస్తే చక్రం దాని వేగంతో అదే తిరుగుతుంది. చూశారా, అక్కడా అదే సూత్రం, భయపడ్డ మనిషికి ఒక్క పనే ఇవ్వాలి.

కానీ వాళ్లు ఒక తప్పు చేశారు. ఆకతాయిలు లాగుతున్నారని డబ్బాలకి తాళాలు వేశారు. తాళంచెవులు పోలీసుల దగ్గర, ఇంకా కొందరు నమ్మకస్తుల దగ్గర. 1872 నవంబర్ 9 సాయంత్రం బోస్టన్‌లో మంటలు లేచాయి, జనం డబ్బా దగ్గరికి పరిగెత్తారు, తాళం. తాళంచెవి ఉన్న మనిషి వచ్చి తీసేదాకా మంట ఆగుతుందా? డబ్బా నంబరు 52, ఇప్పటికీ ఆ ఊళ్లో అగ్నిమాపక వాళ్లకి ఆ అంకె చెప్తే చాలు. దానికితోడు ఆ రోజుల్లో గుర్రాలకి జబ్బు వచ్చి ఫైరింజన్లని మనుషులే లాక్కెళ్లాల్సి వచ్చింది. 776 భవనాలు పోయాయి. అన్నిటికీ తాళమే కారణమని నేననను, ఇరుకు వీధులు, చెక్క పైకప్పులు, చాలని నీళ్లు, చాలా ఉన్నాయి. కానీ నేను డబ్బా ముందు చెప్పుల స్టాండు చూసినప్పుడల్లా నాకు ఆ తాళమే గుర్తొస్తుంది. ఎవరి ఫ్లాటు ముందు అని నేను చెప్పను. నాలుగో అంతస్తు వాళ్లు అలా నేల చూపులు చూడనక్కర్లేదు.

మన జాతీయ భవన నియమావళి ఏమంటుందంటే ఏ మనిషీ 22.5 మీటర్లకి మించి నడవకుండా డబ్బా అందాలి. రెండు సిటీ బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం. మెట్ల దగ్గరే ఎందుకు పెడతారంటే, మీరు ఎటూ అటే పారిపోతారు కాబట్టి. డబ్బా కోసం మంటవైపు వెనక్కి వెళ్లాల్సిన పని ఉండకూడదు.

నా కళ్లతో చూసిన జబ్బులు కొన్ని చెప్తాను, ఊళ్లు, బిల్డింగులు అడక్కండి. ఒకచోట పెయింటర్లు గోడతోపాటు డబ్బాకీ రంగేసేశారు, అద్దంతో సహా, లేత గోధుమ రంగు, అందంగానే ఉంది. ఒకచోట అద్దం పగిలితే అలారం ఆగడం లేదని స్విచ్‌కీ డబ్బా గోడకీ మధ్య అగ్గిపెట్టె ముక్క ఇరికించారు, అది అలా రెండేళ్లు ఉంది, అగ్గిపెట్టె ముక్క అండీ, దేనికి అడ్డం పెట్టారో చూడండి. అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి, ఎవరికీ అనుమానం రానిది. అద్దం పగిలితే అసలు విడి అద్దం తెప్పించకుండా సందు చివర గ్లాస్ షాపులో కొలత ఇచ్చి ముక్క కోయించేస్తారు. అది కిటికీ గాజు, మందం, మధ్యలో గీత ఉండదు. బొటనవేలు కాదు కదా మోచేత్తో కొట్టినా విరగదు, విరిగితే చెయ్యి తెగుతుంది. ఒక మహానుభావుడు ఏకంగా మైకా ముక్క పెట్టాడు, "సార్, ఇంక జన్మలో పగలదు" అన్నాడు నాతో సంతోషంగా.

రంగులు కూడా గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా ఆఫీసులకి వెళ్లేవాళ్లు. ఎర్రది అలారం. ఆకుపచ్చది తలుపు తాళం తెరవడానికి, కార్డు గీకితే తెరుచుకునే తలుపుల పక్కన ఉంటుంది, అది నొక్కితే తలుపు వదులుతుంది, అంతే, చాలాచోట్ల బిల్డింగులో ఇంకెవరికీ కబురు వెళ్లదు. సర్వర్ గదుల బయట పసుపుది ఉంటే అది గ్యాసు వదిలేది, దాని జోలికి వెళ్లకండి.

ఇంకో ప్రశ్న వస్తుంది ఎప్పుడూ, పొగ పసిగట్టే డిటెక్టర్లు ఉన్నాయి కదా ఇంక ఈ డబ్బా ఎందుకని. డిటెక్టర్‌కి తెలివి తక్కువండీ. గృహప్రవేశం హోమానికీ నిజం మంటకీ తేడా తెలియదు, సాంబ్రాణి వేసినా మోగుతుంది. అందుకే చాలా ప్యానెళ్లలో డిటెక్టర్ చెప్పిన మాటని వెంటనే నమ్మకుండా కాసేపు ఆగి మళ్లీ చూసే ఏర్పాటు ఉంటుంది. డబ్బా నొక్కితే అలా ఆగి చూడటం ఉండదు, మనిషి కళ్లతో చూసి చెప్పాడు కాబట్టి వెంటనే హూటర్లు మోగాలి, బ్రిటిష్ లెక్క ప్రకారం 3 సెకన్లలోపు. పైగా హోమం రోజు డిటెక్టర్‌కి ప్లాస్టిక్ మూత తొడుగుతారు, ప్రసాదాలు తిని మూత సంగతి మర్చిపోతారు. నేను దీపావళికి తీసిన మూత ఎప్పటిదని అడిగితే శ్రావణ మాసం వ్రతానిది అన్నారు ఒకింట్లో. హోమం కోసం డబ్బాకి మూత తొడగాల్సిన పనే లేదు.

అయితే డబ్బాకి తెలియనిది ఒకటుంది, మంట ఎక్కడో. మీరు అయిదో అంతస్తులో పొగ చూసి, పరిగెత్తి, రెండో అంతస్తుకి వచ్చాక గుర్తొచ్చి నొక్కారనుకోండి, ప్యానెల్ రెండు అంటుంది. అందుకే అమెరికాలో లిఫ్టుల్ని వాటంతట అవే కిందికి దింపే పని డబ్బాకి ఇవ్వరు, లిఫ్టు ముందున్న పొగ డిటెక్టర్‌కే ఇస్తారు. కాబట్టి నొక్కడంతో మీ పని అయిపోలేదు, కిందికి వచ్చి నోటితో చెప్పాలి, ఏ అంతస్తు, ఏ ఫ్లాటు, లోపల ఎవరున్నారు.

ఫైరింజన్ వస్తుందన్నారు ఇందాక ఎవరో. రాదు. మీ ప్యానెల్ మీ సెక్యూరిటీ గదిలోనే ఆగిపోతుంది, ఊళ్లో ఫైర్ స్టేషన్‌కీ దానికీ తీగ లేదు. 101కి ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి, లేదా 112కి. అక్కడ డబ్బా మోగింది కదా వాళ్లకి తెలిసే ఉంటుందని అందరూ అనుకుని ఎవరూ చెయ్యని సందర్భాలు ఉంటాయి, అదే నాకు అన్నిటికన్నా టెన్షన్.

నొక్కడానికి మనవాళ్లకి ఎంత మొహమాటమో ఒకటి చెప్పి ఆపేస్తాను. ఒక ఆఫీసులో సర్వీసుకి వెళ్లాను. నేను నిచ్చెన మీద ఉన్నాను, ప్యాంట్రీలో మైక్రోవేవ్‌లోంచి పొగ. ఇరవై ముప్పై మంది బయటకి వచ్చి నిలబడ్డారు, బాగా చదువుకున్న పిల్లలు, డబ్బాకి మూడడుగుల దూరంలో. ఒకరు వీడియో తీస్తున్నారు, ఒకరు ఫెసిలిటీ మేనేజర్‌కి ఫోన్ చేస్తున్నారు, ఆయన ఎత్తడం లేదు. నేను దిగి నొక్కాను. తర్వాత ఒకమ్మాయి అడిగింది, "అంకుల్, మేము నొక్కొచ్చా? పర్మిషన్ అక్కర్లేదా?" అని. అదీ. ఆ డబ్బాని పర్మిషన్ అడిగే అవసరం లేకుండా ఉండటానికే పెట్టారు కదా. ఆకతాయిగా నొక్కితే తప్పు. పొగ చూసి నొక్కి అది మాడిపోయిన బ్రెడ్డు ముక్క అని తేలితే తప్పు కాదు, ఒక అద్దం ఖర్చు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పోయారు, కాలి కాదు, పొగకి ఊపిరాడక. పొగకి నిమిషాలే లెక్క.

సరే, ఇప్పుడు మోగిద్దాం. చంటిపిల్లలుంటే చెవులు మూయండి. పెద్దమ్మా, మీరు రండి, మీరే నొక్కుతారు. బి బ్లాక్ మూడో అంతస్తు, తూర్పు మెట్లు, సెక్రటరీ గారు లిఫ్టులో తీసుకెళ్తారు, ఇవాళ ఒక్కరోజుకే లిఫ్టు. సుత్తి వద్దు, బొటనవేలు. వాచ్‌మన్ తమ్ముడూ, నువ్వు ప్యానెల్ దగ్గర నిలబడు, ఫోన్ స్పీకర్లో పెట్టు.

(రెండు నిమిషాల తర్వాత హూటర్లు మోగాయి.)

ఆ! విన్నారా? నొక్కిన వెంటనే. పెద్దమ్మా, బాగా నొక్కారు. తమ్ముడూ, సైలెన్స్ నొక్కకు, ముందు తెర మీద ఏముందో చదువు. గట్టిగా.

ఏంటి?

మళ్లీ చదువు.

"సెల్లార్, పంపు రూము." ... సెక్రటరీ గారూ, మీరు నిజంగా మూడో అంతస్తులోనే ఉన్నారా? ఉన్నారు. సరేనండీ, మీరందరూ టిఫిన్లు కానివ్వండి. ఈ పేరు పోయినేడు నేనే టైపు చేశాను. తమ్ముడూ, నా బ్యాగు, ఆ ల్యాప్‌టాప్ ఇటు తీసుకురా.